పరిశోధక వేతనం మీద అయిదేళ్లు: జీరో కార్బన్ నిర్మాణంపై పీహెచ్‌డీ చేయాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

నేను 2021 జూలై నుంచి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పరిశోధక వేతనం మీద బతుకుతూ, కార్బన్ వెలువడని కట్టడాల దిశగా, సిమెంటు తక్కువ పట్టే కాంక్రీటు గురించి పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ఇల్లు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఉంది. చదువుతున్నది విదర్భలోని ఒక సాంకేతిక విద్యా సంస్థలో. ఈ కాలంలో ఆ వేతనం నాకు ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది అన్నది, ఒక సేవను వాడుకున్న మనిషి దాని మంచిచెడులు చెప్పినట్లుగా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను. రాజురా, ఘుగ్గుస్, సిరొంచ వైపు తెలుగు ఇళ్లలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ప్రతి వేసవిలో మా ఇంటికి వచ్చి, "అక్కా, పీహెచ్‌డీకి పైసలు ఎవరిస్తరు, సరిపోతయా" అని అడుగుతున్నారు. గుమ్మంలో నిలబడి పది నిమిషాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది.

ఈ పరిశోధన ఎందుకు, దానికి డబ్బు ఎందుకు అన్నది మా జిల్లాలో పుట్టినవారికి పెద్దగా వివరించవలసిన పని లేదు. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహి, ఘుగ్గుస్‌లలో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో బూడిద సాధారణంగా 30 శాతానికి పైనే ఉంటుంది కాబట్టి, అక్కడ కాలిన ప్రతి మూడు బస్తాల బొగ్గుకు ఒక బస్తా బూడిద మిగులుతుందని లెక్క వేసుకోవచ్చు. వేసవిలో ఎండ 46, 47 డిగ్రీలకు చేరే ఊళ్లలో, మధ్యాహ్నం నాలుగు గంటలకు స్లాబు కింద కూర్చున్న మనిషికి ఇంటి గోడ దేనితో కట్టారన్నది పుస్తకాల్లోని విషయంగా ఉండదు. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. ఆ సిమెంటులో కొంత మా ఇంటి ముందున్న రైలు పట్టాల మీదుగానే వెళుతుంది.

సిమెంటు విషయంలో చిక్కు ఎక్కడుందో చెప్పకపోతే, ఈ రంగానికి ఇచ్చే వేతనం మిగతా రంగాల వేతనంలాగే ఉంటే ఎందుకు చాలదో అర్థం కాదు. సున్నపురాయిని కొంత మట్టితో కలిపి 1,450 డిగ్రీల దాకా వేడి చేస్తే, పొడి చేస్తే సిమెంటు అయ్యే క్లింకర్ తయారవుతుంది. ఆ దారిలో 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి 56 కిలోల సున్నంగా మారి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతుంది. కొలిమికి బొగ్గు బదులు సౌర విద్యుత్తే వాడినా ఈ 44 కిలోలు తగ్గవు, ఎందుకంటే అది ఇంధనం నుంచి రావడం లేదు, రాతిలోంచే వస్తోంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇలా వచ్చేవే. అందువల్ల క్లింకర్‌నే తగ్గించి, దాని స్థానంలో మరొక పొడి వేసి, గట్టిదనం పోకుండా చూడడం తప్ప దగ్గరి దారి లేదు. కయోలినైట్ అనే ఖనిజం ఉన్న బంకమట్టిని 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలిస్తే అలాంటి పొడి వస్తుంది. సున్నపురాయిని కాల్చినప్పుడు రాతిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తే, ఈ మట్టిని కాల్చినప్పుడు మట్టిలోంచి నీటి ఆవిరి బయటికి వస్తుంది. నా పరిశోధన అంతా ఆ ఒక్క తేడా మీద నిలబడింది.

నేను వాడే మట్టి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు పైనుంచి తీసి పక్కన గుట్టగా పోసేది. గనుల భాషలో దాన్ని ఓబీ అంటారు. మా బాపు 1978లో పెద్దపల్లి వైపు నుంచి ఇక్కడికి వచ్చి, బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మొదటిసారి నేను ఓబీ మట్టిని ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చి, ఎండబెట్టి, జల్లెడ పట్టి, సంస్థ కొలిమిలో కాల్చి ఇంటికి తెచ్చి చూపించినప్పుడు, ఆ పొడిని బొటనవేలితో నలిపి చూసి, "గిదే మట్టిని ముప్పై ఏండ్లు డంపర్లతోని పారబోసినం బిడ్డా" అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాల్చకముందు బూడిద రంగులో ఉన్న ఆ మట్టి, లోపలి ఇనుము వల్ల, కాలిన తర్వాత లేత ఇటుక రంగుకు తిరిగింది.

ఇక వేతనం సంగతి. ఎంటెక్‌లో, ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ర్యాంకు ఉన్నవారికి నెలకు 12,400 రూపాయలు, 24 నెలల పాటు వస్తాయి. పీహెచ్‌డీలో చేరినప్పుడు నాకు నెలకు 31,000 వచ్చేవి. 2023లో కేంద్రం జూనియర్ రీసెర్చ్ ఫెలోల (జేఆర్ఎఫ్) మొత్తాన్ని 37,000కు, సీనియర్ ఫెలోల మొత్తాన్ని 42,000కు పెంచి, ఆ ఏడాది జనవరి 1 నుంచే అమలు చేసింది. సొంత ఇల్లు దగ్గరలో ఉండి, హాస్టల్‌లో ఉంటూ, ఇంటికి కొంత పంపాలనుకునే మనిషికి ఇది మర్యాదగా బతకడానికి సరిపోయే డబ్బే అని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో "ఇంకా సదువుతున్నదా" అని అడిగినప్పుడు, అమ్మ తల ఎత్తి "ప్రభుత్వం జీతమిస్తున్నది" అని చెప్పగలిగేలా చేసిన డబ్బు ఇది. అయితే 2023 పెంపులో ఎంటెక్ వారి 12,400 మాత్రం కదలలేదు. ఈ రంగానికి అది నిజమైన నష్టం, ఎందుకంటే పీహెచ్‌డీలోకి రావలసిన పిల్లలు ఆ రెండేళ్లలోనే కట్టడాల కంపెనీలకు వెళ్లిపోతున్నారు.

ఒక చిక్కు ముందే తెలిసి ఉండాలి. ఫెలోషిప్‌కు అర్హత తేల్చే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నెట్ పరీక్షలో సివిల్ ఇంజనీరింగ్‌కు సబ్జెక్టే లేదు. అందుకని సైన్సు చదివిన స్నేహితులు చెప్పే జేఆర్ఎఫ్ దారి మనకు నేరుగా దొరకదు. గేట్ స్కోరు, సంస్థ పెట్టే రాత పరీక్ష, ఇంటర్వ్యూల మీదుగా సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌కే ఎక్కువమంది వెళతారు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ అన్నిటికంటే పెద్దది: మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏట 75,000, నాలుగు, అయిదు ఏళ్లలో 80,000, దానికి తోడు ఏటా 2 లక్షల రూపాయల పరిశోధన నిధి. 2025 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో 10,000 మందికి ఈ ఫెలోషిప్ ఇస్తామని ప్రకటించారు. అది ఎంపిక చేసిన కొన్ని సంస్థల్లోనే దొరుకుతుంది, ఫెలోలు దగ్గరలోని కళాశాలలకు వెళ్లి పాఠం చెప్పాలన్న నియమం కూడా ఉంది. నాకు అది రాలేదు. వచ్చిన సీనియర్ ఒకరు ఐటీఐ పిల్లలకు బూడిద ఇటుకల మీద పాఠాలు చెప్పడం చూశాను. ఆ నియమం ఈ రంగానికి భారమేమీ కాదని, పైగా మేస్త్రీలు అయ్యే పిల్లల దగ్గరికి విషయాన్ని తీసుకువెళ్లే మంచి మార్గమని నా అభిప్రాయం.

నెల నెలా వచ్చే అంకె చూసి ఫెలోషిప్‌ను ఎంచుకోవద్దని నేను అడిగినవారందరికీ చెబుతున్నాను. చూడవలసిన మొదటిది, ఆ డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది అన్నది. నా రెండో సంవత్సరంలో ఏడు నెలలు వేతనం రాలేదు. పేరు రాయదలచుకోని ఆ కార్యాలయంలో నా హాజరు పత్రం ఒక విభాగం నుంచి మరో విభాగానికి వెళ్లే దారిలో ఆగిపోయింది. బ్యాంకు విలీనం తర్వాత మారిన ఐఎఫ్ఎస్సీ కోడ్‌ను ఎవరూ సరిచేయలేదు. ప్రతి నెల అయిదో తారీఖున నేను కౌంటరు ముందు నిలబడితే "పైకి పంపాం" అన్న జవాబు వచ్చేది. ఆ ఏడు నెలలూ బాపు పింఛను మీద గడిచాయి. ఎనిమిదో నెలలో మొత్తం ఒకేసారి పడింది, ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ ఆ మధ్యలో రెండు బ్యాచుల పరీక్షలు ఆగిపోయాయి. ఇల్లు గడవడానికి పింఛను లేని కుటుంబం నుంచి వచ్చిన పిల్ల అయితే ఆ ఏడు నెలల్లో ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వెతుక్కుని ఉండేది.

రెండోది, కంటింజెన్సీ, అంటే పరిశోధన ఖర్చులకు వేతనం కాక విడిగా ఇచ్చే డబ్బు. యూజీసీ ఫెలోషిప్‌లలో సైన్సు విభాగాలకు ఇది మొదటి రెండేళ్లు ఏటా 12,000, ఆ తర్వాత ఏటా 25,000 రూపాయలు. చాలా సంస్థల ఫెలోషిప్‌లలో కూడా ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంటుంది. కంప్యూటరు ముందు కూర్చుని చేసే పరిశోధనకు ఇది సరిపోతుందేమో చెప్పలేను. కాంక్రీటుకు సరిపోదు. ఒక మట్టిలో కయోలినైట్ ఎంతుందో తెలుసుకోవడానికి దాన్ని తూకం వేస్తూ నెమ్మదిగా వేడి చేసే పరీక్ష చేయించాలి. 40 శాతానికి దగ్గరగా లేకపోతే ఆ మట్టి మీద శ్రమపడి పెద్దగా లాభం లేదు. తర్వాత, మట్టిలోని ఖనిజాలను గుర్తించే ఎక్స్‌రే పరీక్ష. ఇవి మా సంస్థలో లేవు కాబట్టి బయట చేయించాను, ఒక్కో నమూనాకు కొన్ని వందల నుంచి రెండు మూడు వేల దాకా అయింది. పదకొండు గుట్టల మట్టి తెచ్చాను. పది సెంటీమీటర్ల లోతులో ఒకలా, మీటరు లోతులో మరోలా ఉంటుంది కాబట్టి ఒక్కో గుట్ట నుంచి కనీసం మూడు నమూనాలు. పన్నెండు వేలు ఏ మూలకు వస్తాయో లెక్క మీరే వేసుకోవచ్చు. ట్రాలీ ఆటోకు, మట్టి తవ్వినవారి కూలికి, గోనె సంచులకు బిల్లులు ఉండవు. బిల్లు లేనిదానికి డబ్బు రాదు. కొలిమిలో ఉష్ణోగ్రత కొలిచే తీగ పాడైనప్పుడు కొత్తదానికి అనుమతి వచ్చేలోగా వానాకాలం అయిపోయింది, చివరికి నా వేతనంలోంచే కొన్నాను.

మూడోది, కాలం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం, పథకాలు రాసేవారు అందరికంటే తక్కువగా పట్టించుకున్నదీ ఇదే. కాంక్రీటు క్యూబును 3 రోజులకు, 7 రోజులకు, 28 రోజులకు ఒత్తి విరగ్గొట్టి చూస్తాం. అక్కడి దాకా ఎవరి తొందర వారిది కావచ్చు. ఆ తర్వాతిదే అసలు పరీక్ష. కాంక్రీటులోని క్షారగుణమే లోపలి ఇనుప చువ్వకు రక్షణ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. అది చువ్వ దాకా చేరిన రోజు నుంచి తుప్పు మొదలవుతుంది. క్లింకర్‌ను తగ్గించిన సిమెంటులో క్షార నిల్వ తక్కువ కాబట్టి ఇది మామూలు సిమెంటు కంటే త్వరగా జరిగే అవకాశం ఉంది. కార్బన్ తగ్గించామని చెప్పి ఇరవై ఏళ్లకు స్లాబు పెచ్చులూడిపోయే ఇల్లు కట్టిస్తే, మళ్లీ కట్టడానికి పట్టే సిమెంటుతో మొదట మిగిల్చినదంతా పోతుంది. గదిలో కార్బన్ డయాక్సైడ్‌ను పెంచి తొందరగా చేసే పరీక్ష ఒకటి ఉంది, అయితే మా చంద్రపూర్ ఎండ, ఆ వెంటనే వచ్చే జూలై వాన, వాటి తర్వాత వచ్చే డిసెంబరు పొడి చలి ఆ గదిలో ఉండవు. కాబట్టి నిజమైన వాతావరణంలో నమూనాలను వదిలి, ఏడాదికోసారి ముక్క తీసి చూడాలి.

ఆ చూడడం ఎలా ఉంటుందో చెబుతాను. 2023 అక్టోబరులో మా ఇంటి డాబా మీద, ఇటుకలు పేర్చి వాటి మీద అరవై చిన్న దిమ్మెలు పెట్టాం: సగం మామూలు సిమెంటువి, సగం ఓబీ మట్టి కలిపినవి. ప్రతి అక్టోబరులో ఒక్కో రకం నుంచి ఆరింటిని తీసుకువెళ్లి, రెండుగా పగలగొట్టి, దుమ్ము దులిపి, విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చల్లుతాను. క్షారం మిగిలి ఉన్న భాగం చామంతుల్లో ముదురు గులాబీ రంగు పూసినట్టు ఒక్కసారిగా ఎర్రబడుతుంది. అంచున, గాలి తిన్న మేర, రంగు రాదు. రంగు రాని ఆ అంచును సన్నటి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి. మొదటి ఏడాది కొలతలో రెండు రకాల మధ్య తేడా కంటికి ఆనీ ఆననట్టుగా ఉంది. రెండో ఏడాది మట్టి కలిపిన దిమ్మెల్లో అంచు స్పష్టంగా వెడల్పయింది, కానీ నీళ్లలో ఎక్కువ రోజులు తడిపినవాటిలో అంత పెరగలేదు. అంటే మేస్త్రీ మూడు రోజులు తడిపి వదిలేసే చోట ఈ సిమెంటు పనికిరాదు, పద్నాలుగు రోజులు తడిపితే పనికి రావచ్చు. ఇల్లు కట్టుకునే మనిషికి నా పీహెచ్‌డీ మొత్తంలో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అది ఇదే. దీన్ని గట్టిగా చెప్పాలంటే మూడో ఏడాది, అయిదో ఏడాది కొలతలు కావాలి. వేతనం అయిదేళ్లతో ఆగిపోతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ల వరకు గడువు ఉంది, మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. గడువు పెరుగుతుంది కానీ డబ్బు పెరగదు.

ఓపిక ఉన్న డబ్బు ఏం చేయగలదో చూపించే ఉదాహరణ మన రంగంలోనే ఉంది. కాల్చిన మట్టి, సున్నపురాయి కలిపిన ఎల్‌సీ3 సిమెంటును స్విట్జర్లాండ్‌లోని లొసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయపు కారెన్ స్క్రివెనర్, క్యూబాకు చెందిన ఫెర్నాండో మార్టిరేనా తమ బృందాలతో ముందుకు తెచ్చారు. ఢిల్లీ, మద్రాస్, బొంబాయి ఐఐటీలు అందులో భాగమయ్యాయి. స్విస్ ప్రభుత్వ అభివృద్ధి సంస్థ దానికి చాలా ఏళ్లు నిధులిచ్చింది. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం అన్నది దాని సాధారణ పాళ్లు. మామూలు సిమెంటుతో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది. 2023లో భారత ప్రమాణాల సంస్థ దీనికి ఐఎస్ 18189 పేరుతో ప్రమాణం కూడా ప్రకటించింది. ఇది ఒక్క విద్యార్థి వేతనంతో అయిన పని కాదు. ఎంటెక్ పిల్లలు, పీహెచ్‌డీ పిల్లలు, కర్మాగారంలో చేసిన పెద్ద ప్రయోగాలు, నిజంగా కట్టిన ఇళ్లు అన్నీ ఒకే గొడుగు కింద, ఒకరు వదిలిన చోట మరొకరు అందుకునేలా నడిచాయి. మన దగ్గర ఫెలోషిప్ మనిషికి అంటుకుని ఉంటుంది. మనిషి వెళ్లిపోతే దిమ్మెలు డాబా మీద మిగిలిపోతాయి. దేశంలో పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది కాబట్టి, నమూనాలకు, వాటి కాలానికి విడిగా డబ్బు కట్టే పద్ధతి ఒకటి అందులోంచి రావాలని ఈ రంగంలో ఉన్న మేమందరం కోరుకుంటున్నాం.

దరఖాస్తు రాసేవారికి నాకు తెలిసిన ఒక మాట చెప్పాలి. ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది రసాయన శాస్త్రం గురించి కాదు. "దీన్ని మేస్త్రీ వాడతాడా" అని. ఆ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు, రాజురాలో ఒక పెద్ద మేస్త్రీ దగ్గర దొరికింది. ఇటుక రంగు పొడిని చూడగానే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారని, సిమెంటు అంటే బూడిద రంగులోనే ఉండాలని అందరికీ అలవాటైపోయిందని నేను భయపడుతూ డబ్బా మూత తీశాను. ఆయన చిటికెడు తీసుకుని నాలుకకు అంటించుకుని, "ఇది సుర్కే గదా అక్కా. మా తాత గానుగ సున్నంల కలిపేటోడు. బావులకు గిదే వాడిండ్రు" అన్నాడు. కాల్చిన ఇటుక పొడిని సున్నంతో కలిపి కట్టే ఆ పద్ధతి మన పెద్దలకు తెలిసిందే, సూత్రం కూడా ఒక్కటే: కాలిన మట్టి సున్నంతో కలిసి నీళ్లలో గట్టిపడుతుంది. ఆ మాటను నేను దరఖాస్తులో యథాతథంగా రాశాను. స్థానికంగా దొరికే మట్టి ఎంత దూరంలో ఉంది, ఏ గుట్ట నుంచి ఎన్ని టన్నులు తేవచ్చు, ఎవరు వాడతారు అన్న మూడూ చెప్పగలిగితే, మిగతా రాష్ట్రాల అభ్యర్థుల ముందు మన సరిహద్దు జిల్లాల పిల్లలకు బలం ఎక్కువ. బూడిద, బొగ్గు గనుల మట్టి, సున్నపురాయి ముప్పై నలభై కిలోమీటర్ల లోపల దొరికే చోట్లు దేశంలో ఎక్కువ లేవు. చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది కాబట్టి వెదురు కట్టడాల మీద ఆసక్తి ఉన్నవారికి కూడా ఇంటి దగ్గరే ఆధారం దొరుకుతుంది.

కాగితాల విషయంలో మాత్రం సరిహద్దు మనకు బలం ఇవ్వదు. మహారాష్ట్రలో ఓబీసీ ధ్రువపత్రానికి 1967 అక్టోబరు 13 నాటికి కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు ఆధారం చూపాలి. ఎస్సీలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10. మా బాపు వచ్చింది 1978లో. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ సంస్థల్లో నాగ్‌పూర్‌లోని మహాజ్యోతి ఓబీసీ పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్‌కు గానీ, పుణేలోని బార్టీ ఎస్సీ పరిశోధకులకు ఇచ్చే దానికి గానీ, మా వంటి చాలా ఇళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినా అర్హులు కాలేరు. పోనీ అటు తెలంగాణకు వెళదామంటే, విదేశీ చదువుకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే విద్యానిధి పథకాలకు అక్కడి నివాసం కావాలి. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, తాత ఊరు మరో రాష్ట్రంలో ఉన్న పిల్లలు రెండు కిటికీల దగ్గరా నిలబడి రెండు చోట్లా వెనక్కి తిరుగుతున్నారు. అందుకే నేను ముందుగా కేంద్ర పథకాలనే చూడమంటాను. సంస్థ ఫెలోషిప్‌కు, ప్రధానమంత్రి ఫెలోషిప్‌కు నివాస ధ్రువపత్రంతో పని లేదు. గోండు, కోలాం, ఇతర షెడ్యూల్డ్ తెగల పిల్లలకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. సిరొంచ, అహేరి వైపు తెలుగు మాట్లాడే అలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, అడిగేవారే తక్కువ. 1967కు ముందు వచ్చిన కుటుంబాలైతే తాత పేరున్న బడి రికార్డు, పాత పట్టా, గని ఉద్యోగపు కాగితం ఏదున్నా ఇప్పుడే నకలు తీయించి పెట్టుకోండి. ప్రకటన వచ్చాక వెతకడం మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

విదేశీ దారుల గురించి క్లుప్తంగా చెబుతాను, నేను వెళ్లలేదు కాబట్టి. బ్రిటన్ కామన్వెల్త్ స్కాలర్‌షిప్ ఫీజు, విమాన ఛార్జీలు, నెలసరి ఖర్చులు భరిస్తుంది. యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్కులు ఏ దేశం వారినైనా తీసుకుంటాయి, విద్యార్థిని ఉద్యోగిగా చేర్చుకుని జీతం ఇస్తాయి. వెళ్లే దేశంలో అంతకుముందు మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదన్నది నియమం, మనకు అది అడ్డు కాదు. పీహెచ్‌డీ మధ్యలో కొన్ని నెలలు అమెరికాలో పనిచేయాలంటే ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. అక్కడ పరికరాలకు కొదవ ఉండదు. మన మట్టి, మన ఎండ మాత్రం అక్కడ ఉండవు, కాబట్టి వెళ్లేవారు నమూనాలు ఇక్కడే ఎవరో ఒకరి డాబా మీద పెట్టి వెళ్లాలని నా సలహా.

అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తావని అడిగితే, ఇంటి ఖర్చుకు నాలుగు ఇస్తాను. సమయానికి రావడంలో రెండు. కంటింజెన్సీకి ఒకటిన్నర. ఈ రంగానికి కావలసిన కాలం ఇవ్వడంలో ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. అయినా చేరవద్దని ఎవరికీ చెప్పను. చేరే ముందు గైడ్‌ను మూడు విషయాలు అడగండి: ప్రయోగశాలకు ఫెలోషిప్ కాక వేరే ప్రాజెక్టు నిధి ఉందా, పరీక్షల్లో ఎన్ని సంస్థ లోపలే అవుతాయి, ఇంతకుముందు వెళ్లిపోయిన విద్యార్థి నమూనాలు ఇప్పుడు ఎక్కడున్నాయి. మూడో ప్రశ్నకు "అవిగో" అని వేలు చూపించగలిగిన చోట చేరండి. మొదటి ఆరు నెలల ఖర్చుకు ఇంట్లో కొంత పక్కన పెట్టుకోండి. బ్యాంకు ఖాతా, ఆధార్, పదో తరగతి మెమోలలో పేరు ఒకే అక్షరాలతో ఉందో లేదో చూసుకోండి, తెలుగు ఇంటిపేర్లను మరాఠీలో రాసేటప్పుడు చాలా చోట్ల మారిపోయి ఉంటాయి.

నా ఫెలోషిప్ ఈ జూలైతో ముగుస్తుంది. మూడో ఏడాది దిమ్మెలు పగలగొట్టవలసింది అక్టోబరులో. డాబా మీద ఎండ ఎంత, వాన ఎంత అన్నది బాపు రోజుకు రెండుసార్లు, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, గనిలో షిఫ్టు రిజిస్టరు రాసినంత శ్రద్ధగా ఒక నోటుబుక్కులో రాస్తున్నాడు. మొన్న ఆ పుస్తకం నిండిపోతే బజారుకు వెళ్లి రెండు వందల పేజీలది కొత్తది కొనుక్కొచ్చి, డిసెంబరు దాకా గీతలు గీసి పెట్టుకున్నాడు.